కంజు పిట్టల చాచా

మూడో పీరియడ్ అయిపోయి స్టాఫ్ రూముకు వచ్చి చూసుకుంటే ఫోన్‌లో బోధన్ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చాచీ నంబరు. ఆమె ఎప్పుడూ నాకు తనంతట తాను ఫోన్ చేసిన మనిషి కాదు. కారిడార్‌లోకి వెళ్ళి తిరిగి చేశాను.

“మీ చాచా పోయిండు బిడ్డా,” అంది. గొంతులో ఏడుపు లేదు. అంతా ఏడ్చేసి అలిసిపోయినట్టుంది. “నిన్న పొద్దుగూకె యాళ్ళకు నమాజుకు వజూ చేస్కుందామని నల్ల కాడ కూసున్నడు. మళ్ల లేవలె. మట్టి గూడ అయిపోయింది. నీకు చెప్పాలె గద అని చేసిన.”

“వస్తున్న చాచీ,” అన్నాను. రావడానికి నాకేం మొహం ఉందని ఆమె అడగలేదు. ఆమె అడిగే మనిషి కాదు.

మర్నాడు పొద్దున నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సెక్కాను.

ఆయన మాకు చుట్టం కాదు. బోధన్‌లో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ, అంతే. గల్లీలో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవగా నేను వినలేదు. నా చిన్నప్పుడు మేస్త్రి అనేవాళ్ళు. చెరుకు ట్రాక్టర్లు బాగుచేసేవాడు. పంట కాలంలో మా గల్లీ మొగదల దాకా చెరుకు బండ్లు నిలబడి ఉండేవి. ఏ బండి కింద చూసినా రెండు కాళ్ళు బయటికి కనిపించేవి, అవి ఆయనవే. తర్వాత చక్కెర ఫ్యాక్టరీ బందైంది. చుట్టుపక్కల చెరుకు తగ్గి వరి పెరిగింది. ట్రాక్టర్లకు ఊళ్ళోకి వచ్చే పని లేకపోయింది. అన్ని సంవత్సరాల ఇంజన్ల మోతకు ఆయన ఎడమ చెవి అప్పటికే పోయింది. ఒకరోజు అట్టపెట్టెలో ముప్పై కంజు పిట్టలతో ఇంటికొచ్చాడు. కంజు పిట్టను ఉర్దూలో బటేర్ అంటారు, అప్పటి నుంచి ఆయన బటేర్ చాచా అయ్యాడు.

గుప్పెడంత ఉంటుంది కంజు పిట్ట. మట్టి రంగు ఒళ్ళు, తోక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. బండి ఇరుసులు పట్టి పట్టి కాయలు కాసిన ఆ చేతుల్లో అది ఎలా ఇముడుతుందో నాకు వింతగా ఉండేది. వీపు అరచేతిలో ఆనేటట్టు వెల్లకిలా పడుకోబెట్టేవాడు. మెడ రెండు వేళ్ళ మధ్య ఉండేది. కొట్టుకునే పిట్ట ఒక్కసారిగా సద్దుమణిగేది. అప్పుడు దాని రొమ్ము మీద ఈకల్ని నోటితో మెల్లగా ఊదేవాడు. ఇటుక రంగుంటే మగది, చుక్కలుంటే ఆడది. తెలిసిపోయిన తర్వాత కూడా ఇంకోసారి ఊదేవాడు. ఎందుకని అడిగితే “దానికి మంచిగనిపిస్తది” అనేవాడు.

వెనక రేకుల షెడ్డులో బోనులన్నీ ఆయన చేసినవే. చెరుకు బండ్ల పాత ఇనుప జాలీ కోసి, వంచి, వెల్డింగు పెట్టాడు. లోపల పైకప్పుకు చాచీ పాత బొంతలు కుట్టాడు. భయపడితే కంజు పిట్ట పక్కకు ఉరకదు, నిటారుగా పైకి లేస్తుంది. ఇనుముకు తల కొట్టుకుని చచ్చిపోతుంది.

“భయమైతే మీదికే లేస్తది. మీద ఏమున్నదో సూస్కోదు. అందుకే మీద మెత్తగ ఉంచాలె,” అనేవాడు.

సాయంత్రం నాలుగు దాటాకే అవి గుడ్లు పెట్టేవి. “ఇవి సెకండ్ షిఫ్టు లేబరు బిడ్డా. పొద్దుగాల ఒక్కటి పనిజెయ్యది,” అని నవ్వేవాడు. ఫ్యాక్టరీ ఊళ్ళో పుట్టి పెరిగిన మనుషులకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది. ఆ గుడ్లు పొదగడానికి పాడైన ఫ్రిజ్ ఒకటి తెచ్చి లోపల బల్బులు బిగించాడు. ఒక గిన్నెలో తడిగుడ్డ. గుడ్డుకు ఒక పక్క పెన్సిల్‌తో గీత పెట్టి, రోజుకు మూడుసార్లు తిప్పేవాడు. ఏ ఊరికీ పోయేవాడు కాదు, తిప్పాలి కాబట్టి. పదిహేడో రోజున బొటనవేలంత పిల్లలు బయటికొచ్చేవి. నీళ్ళ మూతలో పడి చస్తాయని అందులో గోలీలు పోసేవాడు. గోలీల మధ్య సందుల్లో ముక్కు పెట్టి తాగేవి.

“ఇది గుడ్డు పెట్టి ఎన్కకు మర్రి సూడది. పొదుగుడు రాదు దీనికి. అల్లా దీనికి తల్లితనం ఇయ్యలె,” అన్నాడు ఒకసారి. “మరి ఎవలికో ఒకలికి ఇయ్యాలె గద. నాకిచ్చిండు.”

వాళ్ళకు పిల్లల్లేరు. ఆ సంగతి ఆయన ఇంకే రకంగానూ నా ముందు మాట్లాడలేదు.

మా అమ్మ బీడీలు చేసేది. నాకు ఏడేళ్ళప్పుడు బాపు పోయాడు, ఆ బీడీల చాట మీదనే నన్ను చదివించింది. నాకు నిజామాబాద్‌లో ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా పని దొరికి, పెళ్ళయి, అక్కడే కాపురం పెట్టాక కూడా ఆమె బోధన్ వదిలి రాలేదు. “నీ ఇంట్ల కూసోని ఏంజేయాలె” అనేది. దగ్గు మొదలై అప్పటికే ఎన్నో ఏళ్ళు. గుడ్లు పెట్టండి, బలం కావాలి అని డాక్టరు చెప్పాడు. అమ్మకు కోడిగుడ్డు వాసన పడదు. ఆ మాట గోడ అవతల చాచీకి చెప్తుంటే చాచా కుడి చెవికి వినబడింది.

మర్నాడు పొద్దున చొక్కా జేబులో పేపరు ముక్కలో చుట్టి ఐదు ఉడకబెట్టిన గుడ్లు తెచ్చాడు. మంచం పట్టె మీద గుడ్డును బొటనవేలితో అటూ ఇటూ దొర్లించాడు. పెంకంతా ఒకటే పేలికలా ఊడి వచ్చింది.

“ఇది గుడ్డనుకోకు చెల్లె. గోలీ అనుకో. మింగు.”

“నాకు కక్కొస్తది అన్నా.”

“కక్కు. కక్కినంక ఇంకోటి మింగు. నా కాడ మస్తున్నయి.”

అమ్మ మింగింది. కక్కలేదు. ఆ రోజు నుంచి ఐదేళ్ళు, ఆయన ఒక్క పొద్దు కూడా తప్పలేదు. బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు అమ్మ సంచిలో పోసి ఉంచేది. ఆయన తీసుకుపోయి షెడ్డులో ఈగలకు పొగ పెట్టుకునేవాడు. వాళ్ళిద్దరి మధ్యా అంతకంటే పెద్దగా మాటలుండేవి కావు. ఆయన పెంకు తీసేవాడు, ఆమె మింగేది, ఆయన వెళ్ళిపోయేవాడు. నేను ఫోన్ చేసి తిన్నావా అని అడిగితే “మీ చాచా ఊకుంటడా” అనేది. నేను నిశ్చింతగా ఉండేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, నా తల్లిని చూసుకునే పని నేను ఆయన మీద పెట్టేసి హాయిగా ఉన్నాను.

ఆయన పిట్టల్ని కోయడం ఒకసారి దగ్గరగా చూశాను. ఎవరింట్లోనో దావత్ ఉంది, నలభై పిట్టలు కావాలన్నారు. నేను సెలవులకు వచ్చి గోడ దగ్గర నిలబడ్డాను. ముందు బోనుల మీద దుప్పటి కప్పాడు, మిగతావి చూడకుండా. చిన్న పీట మీద కూర్చున్నాడు. రంపం బ్లేడు ముక్కతో తనే చేసుకున్న చాకు. ఒక్కొక్క పిట్టనూ తీసి, మామూలుగానే రొమ్ము మీద ఊది, పెదాల్లో దేవుడి పేరు తలుచుకుని, ఒక్క వేటున కోసేవాడు. తర్వాతి పిట్టను తీసేముందు ప్రతిసారీ చాకు కడిగేవాడు.

“ఇంతగనం పెంచి ఎట్ల కోస్తవు చాచా?” అని అడిగాను.

ఆయన తల ఎత్తలేదు. వినబడలేదేమో అనుకున్నాను. చేతిలో పని అయ్యాక అన్నాడు.

“పెంచనోడు కోస్తే వానికి నొప్పి ఉండది బిడ్డా. కోసేటోనికి జర నొప్పి ఉండాలె. లేకుంటే అది పాపం.”

కోసినరోజు ఆయన అన్నం తినడని చాచీ చెప్పింది. చాయ్ తాగి పడుకుంటాడట.

అమ్మ ఆ గుడ్లు తినడం మొదలైన ఐదో ఏడు, చలికాలం చివర కోళ్ళకు రోగమొచ్చింది. ఫారాల్లో కోళ్ళు చచ్చిపోతున్నాయని, గుంతలు తవ్వి పూడుస్తున్నారని బస్సుల్లో అదే మాట. చికెన్ దుకాణాలు మూతపడ్డాయి. చాచా తన షెడ్డు గుమ్మంలో సున్నంతో గీత గీశాడు. ఎవర్నీ దాటనివ్వలేదు. లోపలికి పోయే చెప్పులు వేరే పెట్టుకున్నాడు. ఆయన పిట్టల్లో ఒక్కటి కూడా చావలేదు. కానీ గల్లీలో మనుషులు ఆయన ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టారు. అమ్మ మాత్రం గుడ్లు మానలేదు.

అప్పుడే అమ్మకు ఊపిరి ఆడకుండా పోయింది. చాచానే ఆటోలో వేసుకుని నిజామాబాద్ పెద్ద దవాఖానకు తెచ్చాడు. నాకు ఫోన్ వచ్చి నేను బడి నుంచి చేరేసరికి గంట పట్టింది. ఆయన వార్డు బయట నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, ఏమీ అనకుండా తలుపు వైపు చెయ్యి చూపించాడు. లోపల డాక్టరు చెప్పింది సూటిగానే చెప్పాడు. ఊపిరితిత్తులు ఎన్నో ఏళ్ళ కిందటే పాడైపోయాయి, పొగాకు దుమ్ము, ఇప్పుడు చేయగలిగింది తక్కువ అన్నాడు. కోళ్ళ రోగం భయంతో నేనే అడిగాను. “కాదమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు. పరీక్ష కూడా చేశాం” అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అమ్మ పోయింది. దవాఖాన వాళ్ళిచ్చిన కాగితంలో కూడా ఊపిరితిత్తుల సంగతే రాసి ఉంది. దాన్ని మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను.

మూడోరోజు పిట్టకు పెట్టాం. అమ్మకు ఇష్టమైనవన్నీ వండి ఇస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టాలి. ఎంతసేపటికీ రాలేదు. ఎండ ఎక్కింది. మా మేనత్త అందరూ వినేలా మొదలుపెట్టింది.

“యాడికెల్లి ముడుతది? ఒక్కగానొక్క బిడ్డ. తల్లిని ఈడ ఒంటిగ ఇడిసి, ఆడ సంసారం జేస్కునె. ఎవలు సూసిన్రు దాన్ని? ఎవలు ఇంత ముద్ద పెట్టిన్రు?”

ఎవరూ ఆమెను ఆపలేదు. ఆపాల్సిన మాట కాదది, నిజం. తల వంచుకుని నిలబడ్డాను. అందరి కళ్ళూ నా వీపు మీద ఉన్నాయని తెలుస్తోంది. చివరికి ఏదో ఒక కాకి వచ్చి ముట్టింది. ఇంటికొచ్చి మా వాకిట్లో కూర్చున్నాం. అప్పుడు మూల మీది కిరాణా దుకాణం సేటు అడిగాడు. గల్లీలో పెద్దమనిషి ఆయనే.

“ఆఖరికి ఏం తిన్నదమ్మా మీ అవ్వ?”

“కంజు గుడ్లు,” అన్నాను. “దవాఖానకు పోయే పొద్దుగాల గూడ రెండు తిన్నదంట.”

నేనేమీ అనుకుని అనలేదు. అడిగితే చెప్పాను. “అగో,” అంది మేనత్త. “గదే. కోళ్ళ రోగమే పట్టింది దానికి.” ఇంకొకరు అవునన్నారు. ఇంకొకరు, తమ పిల్లవాడికీ రెండు రోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉందన్నారు. క్షణంలో అందరూ నా సంగతి మరిచిపోయారు. మేనత్త వచ్చి నా తల నిమిరింది. “నువ్వు మాత్రం ఏంజేస్తవు బిడ్డా” అంది.

ఆ చెయ్యి నా తల మీద పడ్డప్పుడు నాకు కలిగిన ఊరటను నేను ఇవాళ్టికీ మరిచిపోలేదు. నేరం నా మీద నుంచి దిగి, గోడ దాటి అవతలికి పోయింది. బ్యాగు నా పక్కనే ఉంది. కాగితం అందులోనే ఉంది.

ఎవరో వెళ్ళి చాచాను పిలుచుకొచ్చారు. టోపీ చేతుల్లో పట్టుకుని వాకిలి అంచున నిలబడ్డాడు. పరామర్శకు పిలిచారనుకున్నాడు పాపం.

“చాచా, నీ గుడ్లు తిని మనిషి పోయింది,” అన్నాడు సేటు, గట్టిగా. “గల్లీల చిన్న పోరలున్నరు. రేపటికి ఆ పిట్టలు ఈడ ఉండద్దు. నువ్వు తియ్యకుంటే మేమే తీపిస్తం. సంచులల్ల నింపి గుంతల పోసి పూడుస్తరు.”

“నా పిట్ట ఒక్కటి సావలె సేటూ. రోగముంటే ముందు అవి సావాలె గద. పశువుల డాక్టర్ను పిలువుండ్రి. ఉన్నదని ఆయన ఒక్క మాట అంటే నేనే కోస్త.”

“డాక్టరొచ్చేదాక మా పిల్లల్ని యాడ పెట్టుకోవాలె?”

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆయన కుడి చెవి ఇటు తిప్పి, అటు తిప్పి, ఎవరు ఏమంటున్నారో పట్టుకోవడానికి చూశాడు. తర్వాత వాళ్ళను వదిలేసి నా వైపు తిరిగాడు.

“బిడ్డా, నువ్వు చెప్పు. దవాఖానల ఏమన్నరు?”

అందరూ నన్నే చూశారు. మేనత్త చెయ్యి ఇప్పుడు నా భుజం మీద ఉంది.

“నాకు తెల్వది చాచా,” అన్నాను.

ఆయన తల ఊపాడు, సరే అన్నట్టు.

“రేపు పొద్దుగూకెదాక నాకు టైమియ్యుండ్రి,” అన్నాడు సేటుతో. “సంచులల్ల నింపద్దు. పాణముండంగ పూడ్వద్దు. నేనే సూస్కుంట.”

మర్నాడు నేను అమ్మ గదిలోనే ఉన్నాను. తెల్లారినప్పుడు గోడ అవతల ఎప్పటిలాగే పిట్టల అరుపులున్నాయి. నాలుగు వందల పిట్టల దాకా ఉండేవి. ఆ రొద ఏళ్ళ తరబడి వినీ వినీ మాకు వినబడేదే కాదు. ఆ రోజు మాత్రం వినబడింది. నల్లా తిప్పిన చప్పుడు, చాకు కడిగిన చప్పుడు, మళ్ళీ నల్లా. పది గంటలప్పుడు ఉండబట్టలేక రాయి ఎక్కి గోడ మీద నుంచి చూశాను. బోనుల మీద దుప్పటి కప్పి ఉంది. ఆయన పీట మీద కూర్చుని ఉన్నాడు. చాచీ చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఒక్కొక్క పిట్టనూ తీసి, రొమ్ము మీద ఊది, పేరు తలుచుకుని కోస్తున్నాడు. ఎవరూ తినని మాంసం. అయినా దావత్‌కు కోసినట్టే కోస్తున్నాడు. కోసినవాటిని విసిరేయలేదు. గంపలో వరసగా పెడుతున్నాడు. ఆయన తల ఎత్తితే నేను కనిపించేదాన్ని. ఎత్తలేదు.

మధ్యాహ్నానికి గోడ అవతల రొద పలచబడింది. తర్వాత వేరు వేరుగా ఏ పిట్ట అరుస్తోందో లెక్కపెట్టగలిగేటంత అయింది. తర్వాత ఒకే ఒక్కటి అరిచింది, చాలాసేపు. అది ఆగాక పార చప్పుడు మొదలైంది. వాళ్ళ పెరట్లోనే గుంత తవ్వి, సున్నం చల్లి పూడ్చాడు.

ఫ్రిజ్‌లో గుడ్లున్నాయి. ఇంకో నాలుగు రోజుల్లో పిల్లలయ్యేవి. అవి చివరికి మిగిలాయి. ఆ సంగతి చాచీ తర్వాత చెప్పింది. “బల్బులు తీసిండు. తీసినంక గూడ గంటసేపు ఆ తలుపు మీద చెయ్యి పెట్టుకోని నిలవడ్డడు. సల్లగయ్యేదాక.”

పది రోజుల తర్వాత పశువుల దవాఖాన వాళ్ళు ఊళ్ళో తిరిగారు. ఈ చుట్టుపక్కల ఎక్కడా రోగం లేదని చెప్పి వెళ్ళారు. గల్లీలో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. జ్వరమన్న పిల్లవాడు బడికి పోతున్నాడు. ఎండాకాలం వచ్చేసరికి చికెన్ దుకాణాల ముందు మళ్ళీ జనం. ఎవరో చాచాను అడిగారట కూడా, “మళ్ల ఎప్పుడు తెస్తున్నవు బటేర్లు?” అని. ఆయన తేలేదు. కుడి చేతికి వణుకు వచ్చింది. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడని, చొక్కా బొత్తాలు చాచీయే పెట్టేదని విన్నాను. పొద్దున లేచి ఖాళీ షెడ్డులోకి పోయి కూర్చునేవాడు. ఎందుకు పోతున్నావంటే “అలవాటు” అనేవాడట.

అమ్మ సంవత్సరీకానికి వచ్చినప్పుడు ఆ కాగితం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఏడాది పాటు ఏం చెప్పాలో మనసులో రాసుకుంటూ వచ్చాను. ఆయన పెరట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను నేల మీద కూర్చుని కాగితం విప్పాను.

“చాచా, ఆ రోజు నేను అబద్ధం చెప్పిన. డాక్టర్ నాకు చెప్పిండు. రోగం కాదని చెప్పిండు. ఈ కాయిదంల గూడ…”

“నాకెర్కే బిడ్డా,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“నువ్వు రాకముందే డాక్టర్ నాకు చెప్పిండు. నాకు సరిగ ఇనపడదని రెండుసార్లు చెప్పించుకున్న. గుడ్ల సంగతి గూడ నేనే అడిగిన. భయమయ్యె నాకు, నా గుడ్లతోనే అయిందా అని. కాదన్నడు.”

“మరి నువ్వెందుకు చెప్పలె అందరికి?”

“నేను చెప్తే ఇంటరా? పిట్టల కోసం చెప్తుండు ముసలోడు అంటరు. నువ్వు బిడ్డవు. నీ మాట ఇంటరని నిన్ను అడిగిన.”

నేను ఏడుస్తున్నాను. ఆయన వణికే చేత్తో ఆ కాగితాన్ని మళ్ళీ మడతల మీద మడవడానికి ప్రయత్నించాడు. రాలేదు. నా ఒళ్ళో పెట్టాడు.

“కోపం రాలె నాకు. సిగ్గయింది,” అన్నాడు. “తల్లి పోయిన మూడు దినాలకు నిన్ను అందరి ముంగట నిలవెట్టి అడిగిన. అడగకుంటే నీకు అబద్ధమాడే గతి పట్టకపోవు. గది నా తప్పు.”

తిట్టి ఉంటే నాకు బతుకు తేలికయ్యేది. ఆయన లేచి నిలబడి, “పో బిడ్డా, బస్సుకు యాళ్ళయితది” అన్నాడు. అది జరిగి ఏళ్ళయింది. అదే ఆయన్ని చివరిసారి చూడటం.

ఈసారి నేను వెళ్ళేసరికి చాచీ లోపలి గదిలో, భర్త పోయిన ఆడవాళ్ళు గడప దాటకుండా గడిపే ఇద్దత్‌లో కూర్చుని ఉంది. గుమ్మానికి పరదా కట్టారు. నేను లోపలికి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బయట వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. గల్లీ మగవాళ్ళు వచ్చి కాసేపు కూర్చుని పోతున్నారు. కొంతసేపటికి కిరాణా సేటు గొంతు వినబడింది. ముసలితనం వచ్చింది గొంతుకు. పక్కన ఎవరితోనో అంటున్నాడు.

“మంచి మనిషి. ఎవలతోని లొల్లి లేదు, పంచాయితి లేదు. కాని ఆ పిట్టల రోగమే లోపట్లోపట తినుకుంట వచ్చినట్టున్నది. పక్కింటామెను గట్లనే తీస్కపోయె గద.”

చాచీ చెయ్యి నా చేతి మీద కదల్లేదు. ఆమె నా వైపు చూడలేదు కూడా. నేను లేచాను. పరదా పక్కకు తీసి గుమ్మంలో నిలబడ్డాను.

“మా అవ్వ పిట్టల రోగంతోని పోలేదు సేటూ,” అన్నాను. “బీడీల దుమ్ముతోని ఊపిరితిత్తులు పాడై పోయింది. డాక్టర్ ఆ రోజే నాకు చెప్పిండు. నాకు తెలిసే, తెల్వదని చెప్పిన. చాచా పిట్టలకు ఏ రోగం లేకుండె.”

సేటు నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. గుర్తుపట్టాక కళ్ళు దించుకున్నాడు. పక్కనున్నతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“ఎప్పటి ముచ్చటనో బిడ్డా అది,” అన్నాడు సేటు. “ఇప్పుడెందుకు? మనిషే పాయె.”

పరదా అంచు పట్టుకుని నిలబడే ఉన్నాను. అప్పుడు నా వెనక, పరదా లోపలి నుంచి చాచీ గొంతు వచ్చింది. నా చిన్నప్పటి నుంచీ ఆమె మగవాళ్ళున్న చోట గొంతెత్తగా నేను వినలేదు.

“ఇంకోపారి చెప్పు బిడ్డా. జర గట్టిగ. ఆ ఇండ్లల్లకు గూడ ఇనపడాలె.”

వాకిలి దాటి గల్లీలోకి నడిచాను. అక్కడ నిలబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, గొంతు పగిలేటంత గట్టిగా. మధ్యాహ్నం వేళ, రెండు వైపులా తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఎవరూ బయటికి రాలేదు.